కొసరు కిటికీ

ఈ వేసవి ముదరకముందే కొట్టు లోగదిలో ఏసీ పెట్టించుకోవాలని బుద్ధి పుట్టింది నాకు. వయసు మళ్ళాక మనిషికి రెండు పెరుగుతాయి: ఒకటి ఉక్కపోత, రెండోది దాన్ని భరించనక్కర్లేదన్న ధైర్యం. ఏసీ బిగించే అతను నందిగాం నుంచి వచ్చాడు. గది నాలుగు మూలలా తిరిగి, గోడమీద చెయ్యేసి, "అమ్మగారూ, ఏసీ మాట తరవాత. ముందు ఆ సందువేపు కిటికీ ఇటికలెట్టి మూయించీండి. ఆ పైన మూడు కన్నాలున్నాయి సూడండి, అవీ మూసీయాల. నేకపోతే మీరు సల్లబరిసీది ఈ గది కాదు, కాశీబుగ్గ బజారు" అన్నాడు. "రేపు చెబుతాను" అన్నాను. మా ఇంటావంటా రేపు అంటే ఇంకాస్త దిగమని అర్థం. అతనికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది, నవ్వి నిచ్చెన మడిచాడు. కానీ ఆ రోజు నేనన్న రేపు బేరం కోసం కాదు. నిచ్చెనకి చోటు కావాలని పాత చెక్క అలమార ముందుకు జరిపితే, దాని వెనకచెక్కకి లోపలివేపు అంటుకుని జానెడు గోధుమరంగు టేపు కనబడింది. జిగురు ఎండిపోయింది. దానిమీద జీడిపొట్టు, ఎర్రగా, ఏ సీజనుదో మరి, అలాగే అతుక్కుని ఉంది. అది చూశాక నాకు ఏసీ మీద ధ్యాస పోయింది.

నేను పుట్టి పెరిగింది ఈ కొట్టు వెనక ఇంట్లోనే. ముందు కొట్టు, తరవాత లోగది, దాని వెనక పెరడు, పెరట్లో జీడిపిక్కలు కొట్టే షెడ్డు, పక్కన వంటిల్లు. మా ఇంట్లో తెల్లవారడం కోడికూతతో కాదు, పిక్కలు కాల్చే వాసనతో. ఆ పొగ గొంతులో కాస్త మండుతుంది, ముక్కులో కాస్త తీపిగా ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు దగ్గుతారు. మేం ఊరెళ్ళి ఆ వాసన లేని ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టదు. షెడ్డులో ఆడవాళ్ళు బూడిద పూసుకున్న చేతులతో పిక్క కొట్టేవారు. పప్పు వేరు, పొట్టు వేరు చేసేది మాత్రం మా అమ్మ అరుగుమీద. ఆ పొట్టు ఉల్లిపొరకన్నా తేలిక. అన్నంలో ఉండేది, తలలో ఉండేది, దేవుడి పటం మీద ఉండేది. పండక్కి ఇల్లు కడిగిన సాయంత్రానికే మళ్ళీ గుమ్మంలో ఎర్రగా పేరుకునేది.

మా నాన్నకి శత్రువు ఎవరయ్యా అంటే గాలి. సందు అవతలి కొట్టు కూర్మారావు గారు కూడా ఆ తరవాతే. "గాలి తగిల్తే పప్పు మెత్తబడిపోద్ది, మెత్తబడ్డ పప్పుకీ మాట తప్పినోడికీ రేటు నేదు" అనేవాడు. పప్పు బాగుందో లేదో కంటితో చూసేవాడు కాదు. బద్దలు కాని గుండుపప్పు ఒకటి చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో విరిచేవాడు. టక్కున పలికితే డబ్బాకి, పలక్కపోతే మళ్ళీ ఆరబెట్టే వేడిగదికి. సాయంత్రం కొట్టు కట్టే ముందు డబ్బాలన్నీ తడిమి, మూతల చుట్టూ టేపు వేసి, పైన పాలిథిన్ చుట్టి, దాని మీద గోనె కప్పి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి వచ్చేవాడు. మా అందరికీ జ్వరాలొచ్చినప్పుడు కూడా ఆయన దుప్పటి కప్పడం అలాగే ఉండేది, ముక్కు కూడా బయటికి కనబడకుండా.

ఆ లోగదికి అప్పట్లో ఒక్క గుమ్మమే. సందు అవతలి గోడ కూర్మారావు గారిది. మా రేటు ఆయన చెవిన పడకూడదు, ఆయన రేటు మాకు తెలియాలి, రెండు కొట్ల రాజ్యాంగమూ ఇంతే. అందుకని ఉద్దానం నుంచి రైతులు పిక్కలు తెస్తే బేరం లోగదిలో, అదీ తువ్వాలు కింద. నాన్న తన కుడిచెయ్యి చాపేవాడు, రైతు తన చెయ్యి చాపేవాడు, రెండు చేతుల మీదా నాన్న భుజం మీది తువ్వాలు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు కలిపి పట్టుకుంటే రెండు, గుప్పెడూ పట్టుకుంటే అయిదు. ఒకటంటే ఎంతలో ఒకటో ఆ ఇద్దరికే తెలుసు. నోరు మాత్రం వానల గురించీ, రావివలస యాత్ర గురించీ మాట్లాడుతుండేది. చివరికి అరచెయ్యి గట్టిగా నొక్కితే బేరం తెగినట్టు. చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని, తువ్వాలు అంచు పైకెత్తి చూసి ఆ భాషంతా నేర్చేసుకున్నాను. ఓణీ వేసుకున్నాక లోగది గుమ్మం దగ్గరే ఆపేశారు. వచ్చిన విద్య ఊరుకోదు కదా, కూరగాయల బండివాడి మీద, గాజులమ్మి మీద, చివరికి కాలేజీలో ఫీజు గుమాస్తా మీద కూడా ప్రయోగించాను. గుమాస్తా ఒక్కడే లొంగలేదు.

చదువైపోయాక లెక్కలకి కంప్యూటరు కొందామని నేనే పోరాను. నాన్న ఒప్పుకున్నాడు, కానీ షరతు లేకుండా ఒప్పుకుంటే ఆయన నాన్నెలా అవుతాడు? "ఈ సీజను పిక్క అయిపోయీలోగా అది నిలబడితే నువ్వు కుర్సీలో కూకో. నిలబడకపోతే లోకనాదం కూకుంటాడు. నువ్వెళ్ళి మీ అమ్మ కాడ పొట్టు తీసుకో" అన్నాడు. లోకనాథం మా మేనత్త కొడుకు, చెవిలో పెన్సిలు పెట్టుకుని పుట్టినవాడిలా ఉండేవాడు. మంచివాడే. కానీ ఆ కుర్చీ నాక్కావాలి. షాపులో ఆడపిల్ల లెక్కల కుర్చీలో కూర్చోవడమన్నది అప్పటికి మా బజార్లో లేదు. విశాఖ వెళ్ళి ఆ కంప్యూటరు నేనే బేరమాడి తెచ్చాను. షాపువాడు ఎంతకీ దిగకపోతే, "వెనకాల ఆ రెండో ఫ్యాను ఎందుకండీ, అది తీసేసి చెప్పండి" అన్నాను. తీసేసి చెప్పాడు. బస్సులో దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఊపిరితిత్తి ఒకటి తీయించి బిడ్డని చవగ్గా తెచ్చుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వచ్చిన కంప్యూటరుకి నాన్న లోగదిలో టేకు అలమార చేయించాడు, లోపల పెట్టె, పైన తెర. పొద్దున్న చక్కగా పలికేది. మధ్యాహ్నం భోజనాలయి నేను కూర్చునేసరికి తెర ఒక్కసారి నల్లబడి చచ్చిపోయేది. కాసేపాగి నొక్కితే లేచేది, మళ్ళీ చచ్చేది. కొట్టినవన్నీ పోయేవి. లోకనాథం అడగకపోయినా పెన్సిలు చెక్కుకుంటూ గుమ్మంలో నిలబడేవాడు. మా అమ్మ నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. "ఎండల మల్లన్నకి మొక్కుకోయే, సల్లగా సూత్తాడు" అంది. "ఆయనే గుడికి కప్పొద్దని రావివలసలో ఎండల్లో కూకున్నాడు. ఆయన్ని పోయి సల్లదనం అడుగుతావేటే?" అన్నాడు నాన్న.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల కంప్యూటర్ల పిచ్చివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. టెక్కలిలో జానన్న చర్చి వీధిలో చిన్న గదిలో కంప్యూటర్లు బిగించేవాడు, ఆదివారం మాత్రం స్క్రూడ్రైవరు ముట్టడు. ఢిల్లేశుది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు, కొబ్బరితోట మధ్య ఇల్లు. మూడోవాడు కామేశు, సాక్షాత్తూ సందు అవతలి కూర్మారావు గారి అబ్బాయి, నాతో బళ్ళో చదివినవాడు. వీళ్ళు ముగ్గురూ మా కొట్టుముందు బల్లమీద చేరితే, నాన్న లోపల దగ్గేవాడు. కామేశు ఉన్నాడు, జాగ్రత్త అని ఆ దగ్గుకి అర్థం.

"పెట్టె పక్కమూత పీకీయమ్మా. లోపల వేడి బయటికొచ్చీద్ది" అన్నాడు జానన్న.

"పీకీకు! నాను పీకీసినాను, ఏటయిందో తెలుసా? మా ఊరి ఉప్పుగాలి లోపలికెల్లి ఇనప ముక్క కనబడితే సాలు తినీసింది. ఆ పైన బల్లి దూరి కాపరం ఎట్టింది" అన్నాడు ఢిల్లేశు.

"బల్లి దూరితే శకునం సెప్పుద్ది గదరా, లెక్కలెందుకింక?" కామేశు నవ్వాడు. "టేబులు ఫ్యాను తెచ్చి ఎదురుగా ఎట్టు పారోతీ. మనిసికి ఉక్క పోత్తే ఏటి సేత్తావు? అదే."

అన్నీ చేశాను. మూత తీసి ఫ్యాను పెడితే అరుగుమీది జీడిపొట్టంతా లోపలికి ఎగిరి, ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల్లో ఇరుక్కుని ఎర్రటి పిచ్చుకగూడు కట్టింది. తడిగోనె వేలాడదీశాను. చల్లదనం సంగతేమో గాని, యూపీఎస్ ముట్టుకుంటే చురుక్కుమనడం మొదలైంది. విసిగి మూత మళ్ళీ బిగించి, పెట్టెని పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని టెక్కలి బస్సెక్కాను. పక్కసీటు పెద్దామె "ఎన్నో నెల్లే?" అని అడిగింది. జానన్న గదిలో పెట్టి ఆన్ చేస్తే, పొద్దున్నించి సాయంత్రం దాకా నిక్షేపంలా నడిచింది. మర్నాడూ నడిచింది. ప్రాసెసరు మీద వేడి లాగే పేస్టు మార్చి, పొట్టు దులిపి, "నీ కంప్యూటరుకి రోగం నేదమ్మా, మీ ఊరే పడనట్టుంది" అన్నాడు జానన్న. ఆసుపత్రి గుమ్మం తొక్కగానే తగ్గిపోయే జబ్బులా ఉంది వ్యవహారం. ఇంటికి తెచ్చాను. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చింది.

సీజను సగం దాటింది. నాన్న ఏమీ అనడం లేదు, అదే భయంగా ఉంది. బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడని ఆయనే నేర్పాడు. అలాంటప్పుడు ఒకరోజు కబురు లేకుండా జానన్న పలాస స్టేషన్లో దిగి, నేరుగా మా కొట్టుకొచ్చి, కామేశుని కేకేసి, ఇద్దరూ కలిసి అలమారలోంచి పెట్టెని ముందుకు లాగారు. లాగుతుంటే చెక్కకి ఏదో అంటుకుని చర్రున చిరిగిన చప్పుడు. పెట్టె వెనకాల, అడుగున, అవతలి పక్కన ఉన్న గాలికన్నాలన్నింటి మీదా గోధుమరంగు టేపు. మూలలు మడిచి, బుడగ లేకుండా వేలితో నొక్కి, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. నాకు ఆ చెయ్యి ఎవరిదో అడగక్కర్లేకపోయింది. మా బజార్లో డబ్బా మూతకి అలా టేపు వేసేది ఒక్కరే.

జానన్న పకపకా నవ్వడం మొదలుపెట్టి, తలెత్తేసరికి గుమ్మంలో నాన్న. నవ్వు సగంలో మింగేశాడు.

"రోజూ సాయంత్రం నానే ఏత్తన్నాను" అన్నాడు నాన్న మెల్లిగా. "పేకెట్టు మీద రాసుంది గదా, తేమ తగలకూడదని. సముద్రం గాలి ఎంత సెడ్డదో మీకేటి తెలుసు. తేమ తగిల్తే పోద్దని… పొద్దున్న పాలిథిను తీసీవోడిని. టేపు సిన్న సిన్న కన్నాలకే గదా, ఉండనీ అనుకున్నాను."

"మరి టెక్కలి పంపినప్పుడు మావా?" అన్నాడు జానన్న.

"రిపేరుకి పంపీటప్పుడు ప్యాకింగుతో పంపుతావేటి? ముందురేత్రే తీసి, తుడిసి పంపినాను."

వినకూడని చోట కామేశు ఉన్నాడు. సాయంత్రానికి ఈ కథ సందు దాటుతుందని నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు. మొదటిరకం గుండుపప్పుని ఎలా చూసుకుంటాడో నా కంప్యూటరునీ అలాగే చూసుకున్నాడు ఆయన. ఆ మాట పైకి అంటే దయ చూపించినట్టుంటుంది, మా నాన్నకి దయ చూపిస్తే కోపం. అందుకని నేను టేపులు పీకి, అమ్మ పాత దోమతెర ముక్క ముందు కన్నాలకి కట్టి, పొట్టు లోపలికి పోకుండా చేసి, నోరు మూసుకుని పని చూసుకున్నాను.

ఇక్కడితో కథ సుఖాంతమైతే ఆ కిటికీ ఉండేది కాదు. టేపు తీశాక కంప్యూటరు మునుపటికన్నా కాస్త ఎక్కువసేపు బతికి, అప్పుడు చచ్చింది. జానన్న లోగదిలో కూర్చుని చెమట తుడుచుకుంటూ పైకప్పు కేసి చూశాడు. "పెట్టె ఊపిరి తీత్తంది మావా. కానీ ఏ గాలి వదిలిందో ఆ గాలే మళ్ళీ పీలుత్తంది. ఈ గది కూడా ఒక డబ్బానే. డబ్బాలో డబ్బా ఎట్టారు మీరు. గోడకి కన్నాలెట్టించాల" అన్నాడు.

"నా గదికి కన్నాలా?" అన్నాడు నాన్న. అంతే, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. సందులోకి గోడ తెరవడమంటే ఆయన జీవితమంతా దాచుకున్న రేటుని కూర్మారావు గారి అరుగుమీద పరిచినట్టే. షెడ్డు వేపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ షెడ్డు గోడకి పైవరసలో కన్నాలుంటాయి. ఒక ఎండాకాలం పిక్క కొట్టే ఆడవాళ్ళిద్దరు ఆ పొగకి కళ్ళు తిరిగి పడిపోతే, ఆ సాయంత్రమే గునపం తీసుకుని తనే పొడిచాడని అమ్మ చెబుతుంది. నేను వంటింటి గుమ్మంలోంచి ఆయన వీపు చూస్తూ, ఎదురు మాట్లాడకుండా ఉండటానికి నాలుక పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

మర్నాడు కొట్టు ముందు టీల వేళ. జానన్న తన సంచీ సర్దుకుంటున్నాడు, కామేశు బల్లమీద ఉన్నాడు. సందు దాటి కూర్మారావు గారు పంచె ఎగ్గట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"ఏటి బావా, మీ కంప్యూటరుకి మద్దేనం నిద్దరొత్తాదంట గదా?"

"పనిసేసీవోలకి నిద్దరొత్తాది బావా. కూకున్నోలకెందుకొత్తాది?" అన్నాడు నాన్న, టీ ఊదుకుంటూ.

"పోనీ, లోకనాదాన్ని కూకోబెట్టీరాదా? వాడికి కరెంటక్కర్నేదు."

లోకనాథం పాపం తల వంచుకున్నాడు. నాన్న గ్లాసు కింద పెట్టాడు. నన్ను పిలిచాడు. వెళ్ళాను. భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేతి మీద వేసుకుని, ఆ చెయ్యి నాకేసి చాపాడు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టిన ఆడమనిషి మా వంశంలో లేదు. నా చెయ్యి లోపలికి పెట్టాను. ఆయన అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. నోటితో మాత్రం కూర్మారావు గారిని అడుగుతున్నాడు: "ఏటి బావా, సుమ్మాదేవి వేపు ఈసారి పూత ఎలగుంది?"

నేను గుప్పెడూ పట్టుకున్నాను. అయిదు కన్నాలు. ఆయన విదిలించి నా వేలొకటి పట్టుకున్నాడు. నేను నాలుగుకి దిగాను. ఆయన రెండుకొచ్చాడు. "పూత బాగానే ఉన్నాది బావా, మంచే ఎక్కువ కురిసింది" అంటున్నారు కూర్మారావు గారు, కళ్ళు మాత్రం తువ్వాలు మీదే. నేను కదల్లేదు. కుదుపు లేకుండా, విసుగు లేకుండా, ఎదటివాడి ఓపిక అయిపోయేదాకా ఆగడం ఒక్కటే నాకొచ్చిన విద్య, అది ఈ చెయ్యి నేర్పిందే. ఆయన చూపుడువేలు నా వేళ్ళమీద కాసేపు తడుముకుంది. చివరికి మూడు వేళ్ళు పట్టుకున్నాడు. అరచెయ్యి నొక్కాడు. గట్టిగా, ఉద్దానం రైతుకి నొక్కినట్టే.

తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "తెగింది బావా" అన్నాడు.

"ఎవరితో బేరం? ఏటి సరుకు?" కూర్మారావు గారికి టీ చల్లారిపోతోంది.

"కొత్త పార్టీ" అన్నాడు నాన్న.

మర్నాడు తాపీమేస్త్రి వచ్చి పైవరసలో మూడు కన్నాలు కొట్టాడు. పనైపోయి గునపం దించబోతుంటే, నాన్న సుద్దముక్క తీసుకుని సందువేపు గోడకి, నడుమెత్తున, కిటికీ అంత చదరం గీశాడు.

"నాన్నా, బేరంలో ఇది లేదు కదా?"

"పైన మూడు కన్నాలెట్టి గాలిని పొమ్మంటే, లోపలికి ఎక్కడినుంచి వత్తాదే? ఎల్లడానికి దారిచ్చినోడు రావడానికి గుమ్మం ఇవ్వాల. షెడ్డుకీ అంతే సేసినాను." సుద్ద చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ అన్నాడు, "ఇది కొసరులే."

ఆ మధ్యాహ్నం కంప్యూటరు చావలేదు. ఆ మర్నాడూ చావలేదు. మూడు దాటాక నాన్న వచ్చి, పప్పుని విరిచేటప్పుడు పెట్టినట్టే పెట్టె దగ్గర చెవి పెట్టాడు. ఫ్యాను సన్నగా తిరుగుతోంది. "పలుకుతంది" అన్నాడు. కుర్చీ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లోకనాథమే కుర్చీ తుడిచి నా వేపు జరిపి, "బతికించీసినావే పారోతీ, ఆ పెట్టిని సూత్తే నాకు భయ్యం" అన్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను అందులోంచి లేవలేదు. కుర్చీ రెండుసార్లు మారిందనుకోండి.

కిటికీ వచ్చాక తీగ రాకుండా ఉంటుందా? కామేశు వాళ్ళ కొట్లోనూ కంప్యూటరు వచ్చింది. రెండింటినీ కలుపుదామన్నాడు. నేరుగా కలపాలంటే తీగ రెండో చివర రంగుల వరస మార్చి క్లిప్పు కొట్టాలని జానన్న చేసి చూపించాడు. "సందు దాటేది పైపులో ఎయ్యండి, ఉరిమితే రెండుపక్కలా పీకీండి. మా కొబ్బరిసెట్టు మీద పిడుగు పడితే తీగెంట నడిసొచ్చి తీగలు కలిపీ నా హబ్బు పెట్టిని కాల్సీసింది" అని ఢిల్లేశు హెచ్చరించాడు. నాన్న బెంగ వేరు. "ఆ తీగకి తువ్వాలు కప్పగలవేటి?" అని అడిగాడు. మనం బయటపెట్టిన సంచీ, అంటే ఆ ఒక్క ఫోల్డరు తప్ప వాళ్ళకి ఇంకేదీ కనబడదని చెప్పాను. ఆయన "అయితే ఆ సంచీలో ఒక రేటు రాసి పడీ. మనది కాదు, వేరేది" అన్నాడు. పడేశాను. మర్నాడు తెరిచి చూస్తే కూర్మారావు గారి సంచీలోనూ ఒక రేటుంది. అది వాళ్ళ అసలు రేటు కాదని నాన్న ఒక్క చూపులో చెప్పేశాడు. మాది మాది కాదని ఆయనా అక్కడ చెప్పే ఉంటారు. ఆ సీజనంతా రెండు కొట్లూ సందు మీదుగా, నీలం తీగలోంచి, ఎంతో శ్రద్ధగా అబద్ధాలు పంపుకున్నాయి. ఒకరినొకరు నమ్మకపోవడంలో వాళ్ళిద్దరికీ ఉన్న నమ్మకం నేను తరవాత ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు నాన్న లేడు, కూర్మారావు గారూ లేరు. నా లోగదిలో కంప్యూటరు పలకంత పలచగా ఉంది. దానికి ఫ్యానే లేదు. చెవి పెట్టినా ఏమీ పలకదు, బతికుందో లేదో వెలుతురు చూసి తెలుసుకోవాలి. తీగల్లేవు, గాల్లోంచే వస్తుంది అంతా. మా పాత జట్టు ఇప్పుడు ఫోనులో ఒక గ్రూపు, అందులో మాకు ముఖాలు తెలియని కుర్రాళ్ళు బోలెడుమంది. అద్దాల పెట్టెల్లో రంగుదీపాలు పెట్టి, లోపల నీళ్ళ గొట్టాలు తిప్పి ఫొటోలు పెడతారు. వేడి ఇంతుంది, ఏం చేయాలి, రూటరు ఏ గదిలో పెట్టాలి అని ఒకరు అడిగితే, ఊపిరి తీసేలోగా నలభైమంది చెబుతారు. నిజం చెప్పాలంటే ఆ సలహాలు మా కాలం సలహాలకన్నా మంచివి. మేం చెప్పుకున్నవాటిలో సగం తప్పు, మిగతా సగం ప్రమాదం. కాకపోతే, ఆ నలభైమందిలో ఒక్కడూ బస్సెక్కి రాడు. టేపు పెట్టె వెనక ఉంది. అది ఫొటోలో పడదు. పెట్టెని ముందుకు లాగేవాడు ఉంటేనే చర్రుమంటుంది. జానన్న మాత్రం ఇప్పటికీ ప్రతి కుర్రాడికీ మొదటి జవాబుగా "వెనకాల టేపేమైనా ఉందేమో చూడు బాబూ" అని పెడతాడు. ముసలాయనకి మతి చలించిందనుకుంటారు వాళ్ళు. ఢిల్లేశూ, కామేశూ, నేనూ మాత్రం నవ్వే బొమ్మ పెడతాం.

రేపు అన్నందుకు మర్నాడు పొద్దున్నే ఏసీ అతను ఇసకా ఇటికలూ వేయించడానికి సిద్ధమై వచ్చాడు.

"పైపు బయటికి పోడానికి కన్నం కొట్టాలండి. మిసనుతో కొడతాను, దానికి ఏరే కూలి."

"మూడు కన్నాలుండగా నాలుగోదెందుకు? ఒకటి వాడుకో. ఆ కూలి తగ్గించు."

తల గోక్కుని తగ్గించాడు. "మిగతా రెండూ?"

"గాజుబిళ్ళ పెట్టించు. వెలుతురు వస్తుంది."

"కిటికీకి ఇటికలు…"

"అద్దం తలుపు. రబ్బరు పట్టీ వేసి. మూస్తే గాలి దూరకూడదు, తీస్తే పూర్తిగా తెరుచుకోవాలి."

అతను నిచ్చెన గోడకి ఆనించి నన్ను వింతగా చూశాడు. "ఇటికలైతే సౌకండి. అద్దమైతే శానా అవుద్ది. ఇంతసేపు కన్నం కూలికి నా పేణం తీసి, ఇప్పుడేటండి ఎదురు ఖర్చెడతన్నారు?"

"బేరంలో వచ్చినదాని దగ్గర పొదుపు చేస్తాను బాబూ. ఆ కిటికీ కొసరు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. కానీ సందు అవతల వినబడింది. కామేశు తన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. జుట్టంతా నెరిసింది, వాళ్ళ నాన్నలాగే పంచె ఎగ్గడుతున్నాడు ఈ మధ్య. "పారోతీ! ఆ కిటికీ గాని మూసీగలవు. మా కొట్టుకి గాలి నీ కాడినుంచే వత్తాది!"

"అయితే అద్దం ఖర్చు సగం నువ్వు పెట్టు!"

"సగమా? నీ ఏసీకి నానెందుకెట్టాలి?"

"నా గాలికి నువ్వెందుకు పెట్టవు?"

ఏసీ అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. కామేశు లోపలికెళ్ళిపోయాడు. పోయాడనుకున్నాను. అంతలో సందు దాటి వచ్చి, మా కిటికీ బయట నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద వేసుకుని, ఆ చెయ్యి కిటికీలోంచి లోపలికి చాపాడు. "ఏటమ్మా, మందస వేపు పూతెలగుందంట ఈసారి?" అన్నాడు.

నేను లేచి తువ్వాలు కింద చెయ్యి పెట్టాను. చాలాసేపే పట్టింది. ఎంతకి తెగిందో మాత్రం ఇక్కడ రాయను. చెప్పేసేదే అయితే తువ్వాలెందుకు?